మామయ్యను మళ్ళీ కెమెరాలోకి ఎక్కించిన వైనం

ఫోటో అనేది కెమెరాలోంచి బయటికి రావడమే గాని, వచ్చింది తిరిగి లోపలికి పోవడం ఎవరూ ఎరగని రోజులవి. అలాగని మరీ తాతలనాటి సంగతేమీ కాదు. రీళ్ళు పోయి మెమరీ కార్డులు వచ్చేశాయి. చేతుల్లో బటన్లు నొక్కే ఫోన్లుండేవి. మా సత్తుపల్లిలో స్టూడియో పెట్టిన ప్రతి ఒక్కరూ బోర్డు మీద తమ పేరు కంటే 'డిజిటల్' అన్న మాటనే పెద్దక్షరాలతో రాయించుకునేవారు. ఇప్పుడైతే ఏ ఫోటో ఎక్కడ పుట్టిందో, ఎన్ని చేతులు మారి మన దాకా వచ్చిందో ఎవరికీ పట్టదు. అప్పుడు మాత్రం జనానికి ఒక గట్టి నమ్మకం ఉండేది. కెమెరాలో కనిపిస్తే అది జరిగినట్టు, కంప్యూటర్‌లో కనిపిస్తే అది ఎవరో చేసినట్టు. ఈ నమ్మకం మంచిదో చెడ్డదో నాకు తెలియదు గాని, దాని దెబ్బకు నా పెళ్ళి ఆగిపోయేంత పనైంది.

డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, బస్టాండ్ దగ్గర ఒక స్టూడియోలో ఆల్బమ్ డిజైనర్‌గా చేరాను. మా ఊరు పెనుబల్లి పక్కనే కాబట్టి పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. స్టూడియో ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేది. వాళ్ళ నాన్న కాలం నుంచీ ఫోటోలే వాళ్ళకు అన్నం పెట్టేవి. ఫోటో తీయడం ఆయన పని, తీసినదాన్ని పాడు చేయడం నా పని (ఈ మాట ఆయనదే, నాది కాదు). పెళ్ళి ఫోటోలను కంప్యూటర్‌లో వేసుకుని, మనుషుల్ని అంచుల వెంబడి కత్తిరించి, వెనకున్న షామియానా, వంటవాళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ తీసేసి, ఆ జాగాలో కోటలూ మంచుకొండలూ హంసలూ పెట్టాలి. పెనుబల్లిలో తాళి కట్టించుకున్న పిల్ల ఆల్బమ్‌లో స్విట్జర్లాండ్‌లో అక్షింతలు వేయించుకునేది. ఎవరూ తప్పుపట్టకపోగా, కొండ మీద మంచు తక్కువేశారని పోట్లాడినవాళ్ళు కూడా ఉన్నారు.

మా అక్క పెళ్ళికి ఫోటోలు ఉస్తాదే తీశాడు, ఆల్బమ్ నేను చేశాను. సొంత అక్క కదా, నా పనితనమంతా అందులో ఒలకబోశాను. ముఖ్యంగా గంప ఫోటో మీద. మావైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకొస్తాడు. ఒకవైపు వరసకు మామ అయ్యే ఇంకొకాయన పట్టుకున్నా, అసలు మోసేది మేనమామే అని లెక్క. మా అమ్మకు ఒక్కడే అన్న. భద్రాచలం వైపు, అడవి మొదలయ్యేచోట ఆయన వ్యవసాయం. సరిగ్గా పెళ్ళికి ముందు ట్రాక్టర్ మీంచి జారిపడి నడుం పట్టించుకుని, వంగితే లేవలేక, లేస్తే వంగలేక ఉన్నాడు. అమ్మ భయపడి, "అన్నా, నువ్వు ఊకె చెయ్యి ఆనిచ్చి నిలబడు, మోసేటోళ్ళు మస్తుమంది ఉన్నరు" అంది. "మేనమామ అన్నంక మొయ్యాలె గని చెయ్యి ఆనిచ్చుడేంది? నేనేమన్న గోడనా?" అని మామయ్య పంచె బిగించాడు. మోశాడు కూడా. గంప దించాక ఆయన మొహంలో వెలుగు చూడాలి, పెళ్ళికొడుకు మొహంలో కూడా అంత లేదు.

అంత కష్టపడ్డ మనిషికి ఆల్బమ్‌లో తగిన మర్యాద చేయాలని నేను కంకణం కట్టుకున్నాను. వెనకాల తెల్లటి పాలరాతి కోట పెట్టాను. నెరిసిన మీసానికి నల్లరంగు వేశాను. నొప్పికి ముడుచుకున్న నుదురును ఇస్త్రీ చేసినట్టు సాపు చేశాను. చూసి ఆయన పొంగిపోతాడనుకున్నాను. ఆల్బమ్ వాళ్ళ ఊరికి చేరిన మర్నాడు ఫోన్ వచ్చింది.

"ఏం బిడ్డా, నా తలకాయ కోసి ఎవనికి అతికించినవ్?"

"అయ్యో, అతికించలేదు మామయ్యా. అది నువ్వే!"

"నేనే అయితే ఆ కోట ఏడికెళ్ళి వచ్చింది? మీ ఇంటెనక కోట ఉన్నదా?"

మా ఇంటి వెనక ఉన్నది గేదెల కొట్టం.

జరిగిందేమిటంటే, మామయ్య ఆ ఆల్బమ్ పట్టుకుని ఊళ్ళో తిరిగాడట. వాళ్ళ పక్కింటాయన ఒకడు ఎగాదిగా చూసి, "నడుం పట్టిన మనిషివి, నువ్వేం మోస్తవన్నా? మోసింది ఎవడో, నీ మూతి తెచ్చి పెట్టిన్రు. కంప్యూటర్ల గిట్లాంటియి మస్తు చేస్తరు. మీసం సూడు, పాతికేండ్ల పోరనిది" అన్నాడట. అందరూ నవ్వారు. మామయ్య ఇంటికొచ్చి ఆల్బమ్‌ను తేరిపార చూసుకుంటే ఆయనకూ అనుమానం తగిలింది. తాను మోసినప్పుడు ఫోటో తీయడం మరిచిపోయి, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెల్లెలూ మేనకోడలూ కలిసి ఈ అతికింపు చేశారని ఆయనకు రూఢి అయిపోయింది. అంత నొప్పి ఓర్చుకుని మోసిన మోత ఎవరి కంటా పడకుండా పోయిందన్నదే ఆయన బాధ. నాకది అప్పుడు అర్థం కాలేదు. మీసం నల్లగా ఉంటే సంతోషపడాలి గాని ఈ గోలేమిటి అనుకున్నాను.

ఇంతలో నా పెళ్ళి కుదిరింది. ముహూర్తం పెట్టుకుని అమ్మ పుట్టింటికి పిలుపుకు వెళ్ళింది. మామయ్య గడప దిగలేదట. "చిన్నపిల్ల పెండ్లికి గూడ కంప్యూటరే మోస్తది గంప. నేనెందుకు?" అన్నాడట. అమ్మ ఎంత బతిమాలినా ఒకటే మాట, "నేను మోసిన ఫోటో కెమెరాల చూపియ్యుమను, వస్త. కెమెరా అబద్ధమాడది." అమ్మ తిరిగొచ్చి పిలుపుల కుంకుమ భరిణ దేవుడి దగ్గర పెట్టేసి మంచం ఎక్కింది. మా అన్న రాని పెళ్ళి నాకొద్దు అంది. నాన్న సర్దిచెప్పబోతే, "మీ చెల్లె అయితే ఇట్లనే అంటరా?" అని నోరు మూయించింది. పెళ్ళికొడుకు వాళ్ళు శుభలేఖల సంగతి అడుగుతుంటే నాన్న ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాడు. నాకు ఆ అబ్బాయి నచ్చాడు. అది పైకి చెప్పుకునే ఇల్లు కాదు మాది.

చిక్కేమిటంటే, కెమెరాలో ఆ ఫోటో లేదు. కార్డు ఎప్పుడో తుడిచేసి దాంట్లో ఇంకెందరి పెళ్ళిళ్ళో తీసేశాం. అసలు ఫోటో ఉన్నది స్టూడియో కంప్యూటర్‌లో మాత్రమే. ప్రింట్ తీసి పంపితే అదీ మాయే అంటాడు. కాబట్టి కంప్యూటర్‌లో ఉన్నదాన్ని తిరిగి కెమెరాలోకి పంపాలి. ఉస్తాద్‌ను అడిగితే గడ్డం గోక్కుని, "బేటీ, కెమెరా కోడి లెక్క. గుడ్డు పెడ్తది. పెట్టిన గుడ్డును మళ్ళ కడుపులకు తీస్కుంటదా?" అన్నాడు. అనుభవం ఉన్న మనిషి మాట. అయినా ఎందుకు తీసుకోదో చూద్దామనిపించింది. నిజం చెప్పాలంటే, అక్కణ్ణించి నన్ను నడిపించింది మామయ్య అలకా కాదు, నా పెళ్ళీ కాదు, ఆ 'ఎందుకు తీసుకోదు' అన్న ప్రశ్నే.

కార్డును కంప్యూటర్‌కు తగిలించి ఫోటో ఎక్కించాను. కెమెరాలో పెట్టి చూస్తే, ఫోటోలేవీ లేవు అంది. మళ్ళీ కంప్యూటర్‌లో పెడితే శుభ్రంగా ఉంది. ఒకే కార్డు అక్కడొక మాట, ఇక్కడొక మాట చెబుతుంటే నాకు పట్టుదల పెరిగింది. ఉస్తాద్ భోజనానికి వెళ్ళినప్పుడు గోడ మీది క్యాలెండర్‌ను ఆ కెమెరాతోనే ఫోటో తీసి, అది తన ఫోటోను ఎక్కడ దాచుకుంటుందో కార్డులో వెతికాను. పద్ధతిగల ఇల్లాలి వంటింట్లా ఉంది లోపల. ఒక అర, ఆ అరలో అంకె వేసిన ఇంకో అర, అందులో తన ఫోటో. నా ఫోటో తీసుకెళ్ళి దాని పక్కనే పెట్టాను. అయినా కెమెరా క్యాలెండర్‌ను చూపించింది గాని మామయ్యను చూపించలేదు. (కరెంటు పోయింది. వచ్చేదాకా విసనకర్రతో విసురుకుంటూ ఆ కెమెరానే చూస్తూ కూర్చున్నాను. ఆల్బమ్ చూసుకోవడానికి వచ్చిన కస్టమర్ ఒకాయన నన్ను పలకరించి, జవాబు రాక వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.)

కరెంటు వచ్చాక పేర్లు చూశాను. కెమెరా తన ఫోటోకు నాలుగు అక్షరాలూ నాలుగు అంకెలూ పెట్టుకుంది. నేను పెట్టుకున్న పేరు 'మామయ్య గంప అసలుది ముట్టుకోవద్దు'. ఇంత ప్రేమగా పేరు పెడితే ఏ యంత్రం మాత్రం గుర్తుపడుతుంది? క్యాలెండర్ పేరు తర్వాతి అంకె వేసి, అచ్చం దానిలాగే పేరు మార్చి కెమెరాలో పెట్టాను. బాణం గుర్తు నొక్కాను. మామయ్య వచ్చాడు! ఆ చిన్న తెర మీద, అగ్గిపెట్టంత గంప మోస్తూ. నేను వేసిన కేకకు పక్క కొట్టు టైలర్ పరుగెత్తుకొచ్చాడు.

పని అక్కడితో అయిపోయింది. బుద్ధున్న పిల్లయితే కెమెరా సంచీలో పెట్టుకుని మామయ్య ఊరి బస్సెక్కేది. నాకేమో, ఇది ఇంకేమేం మింగుతుందో చూడాలనిపించింది. కోట ఉన్న ఫోటో పెట్టాను. తెర మీద బూడిదరంగు డబ్బా, మధ్యలో ప్రశ్నార్థకం. అంటే నేను చేయిచేసుకున్న ఫోటో దీనికి రుచించదన్నమాట. ఫోటోను భద్రపరిచేటప్పుడు కంప్యూటర్ ఏవో ప్రశ్నలు అడుగుతుంది, చదవకుండా సరే అనేస్తాం కదా, ఈసారి చదివి ఒకదానికి వేరే జవాబు చెప్పాను. కోట కూడా వచ్చేసింది. ఇక ఆగలేదు. రంజాన్ శుభాకాంక్షల కోసం ఉస్తాద్‌ను మంచుకొండల్లో నిలబెట్టి చేసిన బొమ్మ ఒకటుంటే అదీ ఎక్కించాను. ఆయన భోజనం చేసి వచ్చి, తన కెమెరాలో తాను మంచులో నిలబడి ఉండటం చూసి, "యా అల్లా, కోడి గుడ్డును మింగింది!" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి గోడకున్న వాళ్ళ నాన్న పాత ఫోటో తెచ్చి, "దీన్ని గూడ ఎక్కియ్యగలవా బేటీ?" అన్నాడు. స్కాన్ చేసి ఎక్కించాను. టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆ నలుపు తెలుపు పెద్దమనిషిని ఉస్తాద్ చిన్న తెర మీద చాలాసేపు చూసుకున్నాడు. "అబ్బాజాన్ ఈ కెమెరాను చూడనే లేదు. ఇప్పుడు దీన్లనే కూసున్నడు" అన్నాడు.

మర్నాడే కెమెరానూ, టీవీకి తగిలించే పసుపుపచ్చ వైరునూ తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు. అమ్మా నేనూ కొత్తగూడెంలో బస్సు మారి, పాల్వంచ దాటి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి మామయ్య ఊళ్ళో దిగాం. దారిపొడవునా అమ్మ కిటికీలోంచి టేకుచెట్లను చూస్తూ కూర్చుంది. మామయ్య నన్ను చూసి "రా బిడ్డా" అన్నాడు. అమ్మ వైపు తల తిప్పలేదు. అమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళి అత్తమ్మ పక్కన పీట వేసుకుంది. కెమెరా వచ్చిందన్న కబురు ఎలా పాకిందో, పక్కింటాయన ముందుగా వచ్చి మంచం మీద జాగా పట్టాడు. ఆయన వెనక వీధంతా వచ్చింది. జీడిమామిడి తోటలో పనికొచ్చిన గూడెం ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి తమ భాషలో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

మామయ్య కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది కెమెరానే గదా? కంప్యూటర్ గిట్ల కాదు గదా?"

"కెమెరానే మామయ్యా."

"అవ్, అద్దం ఉన్నది. ఎయ్యి మల్ల."

వైరు తగిలించి నొక్కాను. టీవీ తెర నిండా మంచుకొండలు, వాటి మధ్య నవ్వుతూ ఉస్తాద్. మింగించిన గుడ్లన్నీ కోడి కడుపులోనే ఉన్నాయి, తీసేయడం మరిచిపోయాను.

"ఈ సాయిబు మంచుల ఏం చేస్తుండు?" అన్నాడు పక్కింటాయన.

"తిరగనీకి పోయిండు గావచ్చు" అన్నాడు మామయ్య.

"గట్ల పోతరా, చెప్పుల్తోని?"

"కెమెరాల ఉన్నదంటే పోయినట్టే" అని మామయ్య తీర్పు చెప్పాడు.

గబగబా బాణం నొక్కాను. నలుపు తెలుపులో ఉస్తాద్ వాళ్ళ నాన్న. "టీవీకి రంగు పోయింది" అని అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేసింది. ఇంకోసారి నొక్కాను. పాలరాతి కోట ముందు నల్ల మీసంతో గంప మోస్తున్న మామయ్య. గది గదంతా ఒక్కసారి "అరె!" అంది. పక్కింటాయన లేచి నిలబడ్డాడు. "కోట నిజమేనా? కెమెరాలనే ఉన్నది! తప్పు నాదే అన్నా, ఊకె మాటన్న."

అక్కడ వైరు పీకేసి ఉంటే నా పెళ్ళి సమస్య తీరిపోయేదే. మామయ్యే ఒప్పుకోలేదు. "ఏం కోటర నీ మొకం! నేను ఆడనే ఉన్న, కోట గీట లేదు. ముంగటికి పోనియ్ బిడ్డా" అన్నాడు. నొక్కాను. అసలు ఫోటో వచ్చింది. నెరిసిన మీసం, గట్టిగా మూసుకున్న కళ్ళు, బిగబట్టిన పళ్ళు, మెడ మీద తేలిన నరాలు. వెనక షామియానా, గరిటె పట్టుకుని చూస్తున్న వంటాయన, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు.

"గిదీ! గిది నేను!" మామయ్య చిన్నపిల్లాడిలా ఎగిరినంత పని చేశాడు. "సూడున్రి, నరాలు సూడున్రి! బిడ్డా, పెద్దగ చెయ్యి. చేతులు చూడనియ్, మోసిన చేతులు."

బొమ్మను పెద్దది చేసే బటన్ నొక్కుతూ, బాణంతో కిందికి జరుపుతూ గంప అడుగుకు వచ్చాను. మామయ్య రెండు చేతులూ ఉన్నాయి, మోచేతి దాకా మట్టిరంగు తేలి. వాటి వెనక, ఆయన నడుం పక్కనుంచి వచ్చి గంప అడుగును అరచేత్తో ఎత్తిపట్టిన ఇంకో చేయి ఉంది. పచ్చగాజులు. మణికట్టు మీద పచ్చబొట్టు తేలు. చిన్నప్పుడు భద్రాచలం తిరునాళ్ళలో అన్నాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని పొడిపించుకున్న తేలు, మామయ్య చేతి మీదా ఉంది. ఆ చేతిని నేను ఇంతకుముందే చూశాను. కోట పెట్టేటప్పుడు, గంప అంచుకు ఎవరిదో చేయి అడ్డమొచ్చిందని విసుక్కుంటూ నేనే చెరిపేశాను. ఎవరిదో అని కూడా చూడలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ నెమ్మదిగా కుడిచేతిని కొంగులో దాచుకుంది. మామయ్య ఆ తెర వైపు చూస్తున్నాడు. ఇంతకాలం తన వైపు బరువంతా తానొక్కడే మోశాననుకున్నాడు పాపం. అయ్యో, ఎందుకు తెచ్చానురా దేవుడా అనిపించింది.

పక్కింటాయన మెడ సాచాడు. "ఆ చెయ్యి ఎవరిది అన్నా?"

"బిడ్డా, ఎనకకు కొట్టు."

"ఏంటి మామయ్యా?"

"ఎనకకు కొట్టు. జల్దీ."

వెనక్కి నొక్కాను. పాలరాతి కోట, నల్ల మీసం, నొప్పి తెలియని మొహం. మామయ్య దాన్ని వేలితో చూపించి, "గిదే అసలుది" అన్నాడు.

"మరి ఇంతకుముందుది?" అన్నాడు పక్కింటాయన.

"అదా? అది కంప్యూటర్ది. మా కోడలు అతికించింది. మస్తు హుషారు పిల్ల" అని రెప్ప కూడా వేయకుండా చెప్పి, వైరు తానే పీకేశాడు. జనం ఇంకేమైనా ఉందేమోనని కాసేపు చూసి లేచారు. పక్కింటాయన పోతూ పోతూ ఆ కోట టికెట్ ఎంత అని నన్నడిగాడు. అందరూ వెళ్ళాక మామయ్య గోడకేసి చూస్తూనే, "చెల్లె, పొద్దుగాలికెళ్ళి ఏమన్న తిన్నవా?" అన్నాడు. అమ్మ ఏడుస్తూ, "తినలే అన్నా" అంది. ఆ పూట అత్తమ్మ కోడిని కోసింది.

మామయ్య నా పెళ్ళికి రెండు రోజుల ముందే వచ్చాడు. నడుం అప్పటికి కొంత నయమైంది గాని పూర్తిగా కాదు. నన్ను గంపలో కూర్చోబెట్టారు. ఎత్తండి ఎత్తండి అని పంతులు గారు తొందరపెడుతున్నారు. మామయ్య వంగి, గంప మీద చేయి వేసి, ఆగిపోయాడు. "మా చెల్లె ఏడున్నది? పిలువుండ్రి. ఆమె రాకుంటే గంప లేవది" అన్నాడు. అమ్మ చేతిలో ఉన్న పళ్ళెం ఎవరికో ఇచ్చి పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన గొంతు తగ్గించి, "గట్టిగ పట్టు చెల్లె, ఎవ్వరు సూస్తలేరు" అన్నాడు. మండపమంతా వాళ్ళిద్దర్నే చూస్తోంది. నాకు మాత్రం ఆ క్షణంలో, ఉస్తాద్ ఆ చేతులు ఫోటోలో పడేవైపు నిలబడ్డాడా లేడా అన్నదే కంగారు. తల వంచుకుని కూర్చోవాల్సిన పెళ్ళికూతురు గంపలోంచి సగం లేచి, "ఉస్తాద్, ఇటువైపు రండి, ఇటువైపు!" అని చేతులూపింది. అత్తగారివాళ్ళు ఏమనుకున్నారో గాని, ఆ పిల్లను ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వొస్తుంది, కళ్ళలో నీళ్ళూ వస్తాయి.